బెర్రీ దొరసాని: డైరీలో కొన్ని పుటలు

జూన్ 3

30,000 ఫ్రాంకులు. ఫ్రువాసార్ రాసిన చరిత్ర చదువుతూ ఈ అంకె దగ్గర ఆగాను. 1389లో ఓర్తేజ్ కోట నుంచి ఒక పిల్లని పెళ్ళికి పంపడానికి ఆమె సంరక్షకుడు అడిగిన సొమ్ము. పిల్ల పేరు ఝాన్. ఓవెర్న్, బులోన్ సంస్థానాలకు ఒక్కతే వారసురాలు. పన్నెండేళ్లు నిండీ నిండని వయసు. పెళ్ళికొడుకు బెర్రీ డ్యూక్. ఫ్రాన్సు రాజుకి చిన్నాన్న. 48 ఏళ్లవాడు. మొదటి భార్య పోయి ఎంతోకాలం కాలేదు. కూతుళ్లిద్దరూ ఈ పెళ్ళికూతురి కంటే పెద్దవాళ్లే.

తెలుగువాడికి ఈ లెక్క వినగానే అగ్నిహోత్రావధాన్లు గుర్తుకు రాక మానడు. అయితే గురజాడ నాటకంలో డబ్బు పుచ్చుకునేవాడు కన్నతండ్రి, ఇచ్చేవాడికి వచ్చేది పిల్ల మాత్రమే. ఇక్కడ పుచ్చుకునేవాడు తండ్రి కాడు. ఇచ్చేవాడికి వచ్చేది పిల్ల, ఆమె వెనకాల రెండు సంస్థానాల మీద హక్కు. ఆ లెక్కన 30,000 చవకే అనాలి.

జూన్ 4

ఈ పిల్ల ఓర్తేజ్ ఎలా చేరింది? తల్లి ఎలియెనోర్ కొమ్మేంజ్ వంశపు ఆడపడుచు. ఓవెర్న్ కౌంట్‌తో కాపురం పొసగక మొగుణ్ణి వదిలి వెళ్తూ, దారిలో తన బంధువైన ఫ్వా కౌంట్ గస్తోన్ ఫేబ్యూస్ కోటలో పసిపిల్లను దింపిపోయింది. పిల్ల తండ్రి ఆస్తి నిలబెట్టుకునే రకం కాదు, దుబారాకి పేరు. పిల్ల అతని దగ్గరుంటే ఆమెనీ ఎవరికో తాకట్టు పెట్టేవాడేమో. తల్లి ఆలోచన తప్పనలేను.

ఫేబ్యూస్ విచిత్రమైన మనిషి. వేట మీద అతను రాయించిన పుస్తకం ఈనాటికీ చూడదగ్గది. కుక్కల జబ్బులకి వైద్యం కూడా చెప్పాడు. అర్ధరాత్రి దివిటీల వెలుగులో భోజనం చేసేవాడు. 1380లో తనకున్న ఒక్కగానొక్క ధర్మపత్నీ సంతానాన్ని, సొంత కొడుకుని, విషం పెట్టబోయాడన్న అనుమానంతో ఖైదు చేసి, ఆ ఖైదులోనే తన చేతులతో చావుకి కారణమయ్యాడు. ఆ ఇంట్లో పెరిగింది ఝాన్. 1388 చలికాలంలో ఫ్రువాసార్ అక్కడికి అతిథిగా వచ్చి, తన పద్యకథ ‘మెలియాదోర్’ని రాత్రుళ్లు కౌంట్‌కి చదివి వినిపించాడు. చరిత్రకారుడూ పెళ్ళికూతురూ ఒకే కప్పు కింద ఉన్న చలికాలం అది.

జూన్ 7

బావగారు రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరయ్యారు. ఫోనులో ఈ కథంతా చెప్పాను. ఆయనకి డ్యూక్ గురించి గానీ వయసు తేడా గురించి గానీ పట్టింపు లేదు.

“ఖర్చుల లెక్క చూపించాడా ఆ సంరక్షకుడు?”

పెంచిన ఖర్చు కిందే అడిగాడని చెప్పాను.

“అయితే పర్లేదయ్యా. మైనరు ఆస్తి చేతిలో ఉంచుకుని అంతకంటే ఎక్కువ లాగినవాళ్లని చూశాను. నువ్వు చెప్పేదంతా నాకు ఈసీ తీసినట్టే ఉంది. ఫలానా తేదీన ఫలానా వారి నుంచి ఫలానా వారికి. మధ్యలో మనిషెక్కడుందో చెప్పు.”

ఆ ప్రశ్నకి జవాబు కోసమే ఇదంతా తిరగేస్తున్నానేమో. ఓవెర్న్ ఈసీలో ఝాన్ పేరు చక్కగా దొరుకుతుంది. మనిషి దొరకడమే కష్టం.

జూన్ 8

డ్యూక్ ముందు మనసుపడింది ఈ సంబంధం మీద కాదు. ఇంగ్లండు రాజకుటుంబంలో లాంకాస్టర్ డ్యూక్ కూతురు కేథరిన్ కోసం కబురంపాడు. ఆ పిల్లని కాస్తీల్ యువరాజుకిచ్చారు. అప్పుడు ఇటు తిరిగాడు.

పెళ్ళిమాటలు నడుస్తుండగా రాజు ఆరవ షార్ల్ చిన్నాన్నని ఆటపట్టించిన సంగతి ఫ్రువాసార్ రాశాడు. రాజుకి అప్పటికి 20 ఏళ్లు. ఆ చిన్నపిల్లతో నువ్వేం చేస్తావని అడిగాడు. చిన్నాన్న వయసుని అరవై చేసి మరీ వేళాకోళమాడాడు. మూడు నాలుగేళ్లు ఆగుతానన్నట్టు డ్యూక్ జవాబిస్తే, ఆ తర్వాత ఆమె నీ మీద దయ చూపిస్తుందా అన్నట్టు రాజు ఇంకో చురక వేశాడు. అందరూ నవ్వారు.

ఈ రాజునీ ఈ పిల్లనీ కలిపి గుర్తుపెట్టుకోవాలి. నాలుగేళ్లలో మళ్ళీ తారసపడతారు.

జూన్ 9

చర్చి చట్టం ప్రకారం ఆడపిల్ల పెళ్ళీడు 12, మగపిల్లాడిది 14. అంటే ఝాన్ పెళ్ళి చట్టానికి సరిగ్గా గీత మీద నిలబడింది. ఆ రోజుల్లో గొప్పింటి పెళ్ళిళ్లు చాలావరకు ఆ గీత మీదే నడిచాయి. గీత దాటినవి కూడా ఉన్నాయి. 1396లో ఇదే షార్ల్ రాజు తన కూతురు ఇజబెల్‌ని ఇంగ్లండు రాజు రెండో రిచర్డుకిచ్చాడు. పిల్లకి ఏడో ఏడు నిండలేదు. పెళ్ళికొడుక్కి 29. పదేళ్లొచ్చేసరికి ఆమె వితంతువు. తర్వాత ఓర్లియాన్ వంశపు షార్ల్‌కిచ్చి మళ్ళీ పెళ్ళి చేశారు. 1409లో పురిట్లో పోయింది. మరుసటి ఏడు ఆ షార్ల్ చేసుకున్నది బెర్రీ డ్యూక్ మనవరాలు బోన్‌ని. ఆమెకి పదకొండేళ్లు ఉంటాయి. ఒక్క కుటుంబంలో, ఇరవయ్యేళ్ల వ్యవధిలో ఇన్ని.

జూన్ 12

1389 వసంతంలో ఓర్తేజ్ నుంచి బయల్దేరిన పెళ్ళిబృందంలో ఫ్రువాసార్ కూడా ఉన్నాడు. దారిలో అవిన్యోన్. అప్పట్లో పోపులు ఇద్దరు, ఒకరు రోములో, ఒకరు ఇక్కడ. ఇక్కడి పోపు ఏడవ క్లెమెంట్ ఝాన్‌కి బంధువు, ఆయన తల్లిది బులోన్ వంశమే. అక్కణ్ణుంచి ఉత్తరానికి ఓవెర్న్ కొండల వైపు, రియోమ్ పట్టణానికి. జూన్ మొదట్లో అక్కడ పెళ్ళి.

ఫ్రువాసార్ కలానికి ఆతిథ్యాలంటే ఇష్టం. ఎవరు ఎదురొచ్చారు, ఏ బసలో దిగారు, ఎంత వైభవం. తన ప్రయాణం సుఖంగా సాగినందుకు చాలా తృప్తిపడ్డాడు. చదువుతుంటే కొంచెం చిరాకేసింది. గుర్రాల గురించి చెప్పినంత శ్రద్ధగా పెళ్ళికూతురి గురించి చెప్పడు. అయినా ఆయన్ని వదిలిపెట్టలేం. ఈ పెళ్ళి గురించి మనకి తెలిసిన సరదా, బేరం, దారి, అన్నీ ఆయన పుణ్యమే.

జూన్ 13

పువాతియే. ఆ ఊరూ డ్యూక్‌గారి కింద ఉండేది. పాత రాజభవనం దర్బారు హాల్లో ఒక గోడ వెడల్పునా మూడు పొయ్యిల చలిమంట కట్టించాడు. దాని పైన అద్దాల కిటికీల ముందు నాలుగు శిల్పాలు. రాజు, రాణి ఇజబో, బెర్రీ డ్యూక్, ఝాన్. ఫొటోల్లో ఝాన్ నడుము వంపు తిరిగి సన్నగా నిలబడి ఉంటుంది. చాలామంది కళాచరిత్రకారులకి ఆ నలుగురిలో ఆమె శిల్పమే ఇష్టం. నాకూ.

ఆ హాలు అంతకు రెండు శతాబ్దాల ముందటిది, అక్విటేన్ ఎలినార్ కాలపుది. ఎలినార్ గురించి రాయని పుస్తకం లేదు కాబట్టి నేను ఎక్కువ రాయను. కానీ ఒక తేదీల జత చూడండి. 1152 మార్చి 21న ఫ్రాన్సు రాజు ఏడవ లూయీతో ఆమె పెళ్ళి రద్దయింది. అదే ఏడు మే 18న పువాతియేలో హెన్రీని చేసుకుంది. అతను తర్వాత ఇంగ్లండు రాజయ్యాడు. మధ్యలో ఎనిమిది వారాలు. అంత తొందర ఎందుకంటే, రద్దు తర్వాత సొంతూరికి వెళ్తుంటే దారిలో ఇద్దరు దొరలు ఆమెని ఎత్తుకుపోవాలని చూశారు. బ్లువా దగ్గర ఒకడు, క్రూజ్ నది దగ్గర ఇంకొకడు. ఇంకొకడెవరో కాదు, హెన్రీ సొంత తమ్ముడు. సంస్థానం ఉన్న ఒంటరి ఆడదానికి ఆ రోజుల్లో దారి ప్రయాణమే ప్రమాదం. ఎలినార్ తనే మనిషిని ఎంచుకుని కబురు పంపిందని అంటారు. అయినా ఎంచుకోకుండా ఉండే వీలు ఆమెకీ లేదు.

జూన్ 19

ఇవాళ మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. పాత నోట్సు దగ్గర పెట్టుకుని 1393 జనవరి 28 రాత్రి గురించి రాసుకుంటున్నాను.

ముందు నేపథ్యం. 1392 ఆగస్టులో లె మాన్ దగ్గర అడవిలో రాజు షార్ల్‌కి ఉన్నట్టుండి పిచ్చెత్తింది. కత్తి దూసి సొంత మనుషుల మీద పడి కొందరిని చంపాడు. తేరుకున్నాక వైద్యులు అతనికి రాజ్యభారం తగ్గించి వినోదం పెంచమన్నారు. ఆ వినోదాల్లో ఒకటి ఈ నాట్యం. పారిస్‌లో రాణి నివాసం సేన్-పోల్‌లో జరిగింది. రాణి దగ్గరుండే ఒకావిడకి పెళ్ళి. ఆమె అప్పటికే వితంతువు. వితంతువు మళ్ళీ పెళ్ళాడితే ఊళ్లో కుర్రాళ్లు వేషాలు వేసుకుని, డబ్బాలు వాయిస్తూ గోల చేయడం ఫ్రాన్సులో ఆచారం. దాన్ని షారివారి అంటారు. రాజూ, మరో ఐదుగురు దొరలూ అడవి మనుషుల వేషం కట్టారు. నారబట్టని ఒంటికి అతికినట్టు కుట్టించి, దాని మీద గుగ్గిలం పూసి, అవిసె నార అతికించారు. ఒంటినిండా జుట్టున్నట్టు కనపడాలి కదా. రాజు తప్ప మిగతా ఐదుగురినీ గొలుసుతో ఒకరికొకరిని కట్టారు. ప్రమాదం తెలుసు. అందుకే దివిటీలు దగ్గరికి రానివ్వద్దని ఆజ్ఞ ఇచ్చారు. రాజు తమ్ముడు ఓర్లియాన్ డ్యూక్‌కి ఆ సంగతి తెలియదు. ఆలస్యంగా, దివిటీల వాళ్లని వెంటేసుకుని వచ్చాడు. వేషంలో ఎవరున్నారో చూద్దామని వెలుగు దగ్గరికి పెట్టాడు.

ఆ నిమిషంలో రాజు గొలుసు దగ్గర లేడు. ఆడవాళ్లు కూర్చున్న వైపు వచ్చి, చిన్న పినతల్లి ఝాన్ ముందు నిలబడి ఆమెని ఏడిపిస్తున్నాడు. వరసకి పినతల్లి, వయసులో అతనికంటే పదేళ్లు చిన్నది. ఎవరివో చెప్పేదాకా వదలనని ఆమె అతణ్ణి పట్టుకుందిట. ఇక్కడే, ఫ్రువాసార్ పుస్తకంలో, ఝాన్ నోట ఒక మాట పలుకుతుంది. అప్పుడే అటు మంటలు లేచాయి. ఝాన్ తన గౌను వెనకాల నేలమీద జీరాడే పొడవాటి అంచుని రాజు మీద కప్పేసింది. అప్పటి గొప్పింటి గౌనుల్లో బట్ట చాలా బరువు, గాలి చొరనివ్వదు. నిప్పురవ్వలు అక్కడే చచ్చాయి.

నంతూయే అనే ఆయన గొలుసు తెంచుకుని, గిన్నెలు కడగడానికి పెట్టిన నీళ్లతొట్టిలోకి దూకి బతికాడు. మిగతా నలుగురూ పోయారు. కొందరు అక్కడికక్కడే, కొందరు రెండు మూడు రోజులు బాధపడి.

జూన్ 20

నిన్న రాసినదాంట్లో ఒక సంగతి ఉద్దేశపూర్వకంగా వదిలేశాను, దానికి విడిగా చోటు కావాలని. చనిపోయిన నలుగురిలో ఒకడి పేరు ఇవెన్ ద ఫ్వా. గస్తోన్ ఫేబ్యూస్‌కి పెళ్ళి కాని సంబంధంలో పుట్టిన కొడుకు. ఓర్తేజ్ కోటలో ఉండేవాడు, తండ్రికి ఇష్టుడు. 1391 ఆగస్టులో ఫేబ్యూస్ వేట నుంచి వచ్చి చేతులు కడుక్కుంటూ కుప్పకూలి పోతే, కోటలోని ధనాగారం చేజారకుండా ఇవెన్ తండ్రి ఉంగరం తీసుకుని ఓర్తేజ్‌కి పరుగెత్తాడు. వారసత్వం దక్కలేదు. పారిస్ వచ్చి రాజు కొలువులో చేరాడు.

ఝాన్ పసితనం అంతా ఆ కోటలోనే. ఆ రాత్రి హాల్లో ఆమెని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు ఇంకెవడైనా ఉన్నాడో లేదో గానీ, ఇవెన్ ఉన్నాడు, గొలుసుకి కట్టి ఉన్నాడు. తన గౌను కింద రాజు తలదాచుకుని ఉండగా ఆమె అతను కాలిపోవడం చూసింది.

పుస్తకాల్లో ఈ ఘట్టం పక్కన ఎప్పుడూ ఒకే మాట: సమయస్ఫూర్తి గల చిన్న దొరసాని. అది నిజమే. కానీ ఆ మెచ్చుకోలులో ఆమెతో ఒకే కోటలో ఉన్న కుర్రాడి చావు కనపడదు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లకి ఆ రాత్రి మిగిల్చినది మెచ్చుకోలు ఒక్కటే అయివుండదు.

మర్నాడు పారిస్ జనం కోపంతో రగిలిపోయారు. కుర్రదొరల పిచ్చిచేష్టలకి రాజుని పోగొట్టుకునేవాళ్లమని. రాజు ఊరేగింపుగా నోత్ర్‌దామ్‌కి వెళ్లి కనపడాల్సి వచ్చింది. ఓర్లియాన్ డ్యూక్ సెలెస్తీన్ సన్యాసుల మఠంలో ఒక చాపెల్ కట్టించి ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు.

జూన్ 21

లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఫ్రువాసార్ చరిత్రకి 1470ల ప్రాంతపు రాతప్రతి ఒకటి ఉంది. అందులో ఈ ఘట్టానికి బొమ్మ. ఝాన్ నీలిరంగు గౌను ఎత్తి పట్టుకుంది, దాని కింద రాజు ఉన్నాడో లేదో అన్నంత కొంచెంగా కనపడతాడు. తొట్టిలో ఒకాయన. వేషాలు పీక్కుంటున్న మిగతావాళ్లు. పైన మేడమీద వాద్యగాళ్లు ఇంకా వాయిస్తున్నట్టే ఉన్నారు. చిత్రకారుడు నవ్విస్తున్నాడా, బెదిరిస్తున్నాడా?

జూన్ 26

బెర్రీ డ్యూక్ పేరు లోకం మరిచిపోకపోవడానికి కారణం పుస్తకాలు. 300కి దగ్గరగా రాతప్రతులు పోగుచేశాడు. లింబూర్గ్ సోదరులు ముగ్గురు, పోల్, జాన్, హెర్మన్, అతని కొలువు చిత్రకారులు. ప్రార్థనా గ్రంథం ‘త్రే రిష్ ఏర్’లో జనవరి నెల బొమ్మ ప్రపంచమంతా చూసింది: బంగారుపని చేసిన నీలం కోటులో డ్యూక్ విందుబల్ల దగ్గర కూర్చుని కొత్త ఏడాది కానుకలు అందుకుంటుంటాడు. బల్లమీద చిన్న కుక్కపిల్లలు కూడా ఉన్నాయి. ఆడమనిషి ఒక్కతి లేదు. ఆ పుస్తకం గీస్తున్న కాలానికి ఝాన్ ఆ ఇంటి ఇల్లాలై ఇరవయ్యేళ్లు దాటింది.

మరో గ్రంథం ‘బెల్ ఏర్’ న్యూయార్క్‌లో క్లోయిస్టర్స్ మ్యూజియంలో ఉంది. అందులో డ్యూక్ మోకరిల్లి ప్రార్థిస్తున్న బొమ్మ ఒకటి, అదే కాగితానికి వెనకవైపు డచెస్ ప్రార్థిస్తున్న బొమ్మ ఒకటి. పుస్తకం మూసి ఉంచితే దంపతులు వీపూ వీపూ ఆనించి ఉంటారు.

పిల్లలు కలగలేదు. కాపురం ఎలా సాగిందంటే, మరీ చెడుగా సాగిందనడానికి ఏమీ కనపడదు. డ్యూక్ పిసినారి కాదు, కోపిష్టి కాదు, పన్నులతో జనాన్ని పీల్చినా ఇంట్లో ఉదారుడే. 27 ఏళ్లు ఆమె ఫ్రాన్సులో అందరికంటే అందమైన వస్తువులున్న ఇళ్లలో బతికింది. ఆ పెళ్ళిని నేను సమర్థించడం లేదు. దాని తర్వాత వచ్చినదానితో పోల్చడానికే ఇది రాసుకోవడం.

జూన్ 27

1411 కొత్త సంవత్సరానికి లింబూర్గ్ సోదరులు డ్యూక్‌కి ఒక పుస్తకం బహుమతిగా ఇచ్చారు. తెల్ల వెల్వెట్ అట్ట, వెండి కొలికి. తెరవబోతే తెరుచుకోదు, మొత్తం కర్రదిమ్మే. యజమానితో వేళాకోళమాడే చనువుండేదన్నమాట.

ఆ చనువు ఎంతదాకా వెళ్లిందో ఇంకో సంగతి చెబుతుంది. బూర్జ్‌లో ఒక వర్తకుడి కుటుంబంలో జిలెత్ అనే పిల్లని పోల్‌కి ఇచ్చి చేయాలని డ్యూక్ తలచాడు. తల్లి ఒప్పుకోలేదు. డ్యూక్ 1408లో ఆ పిల్లని తెప్పించి ఏతాంప్ కోటలో ఉంచాడు. పిల్లకి ఎనిమిదేళ్లు. తల్లి ఊరుకోలేదు, రాజు దాకా వెళ్లింది. పిల్లని విడిచిపెట్టమని ఉత్తర్వు తెచ్చుకుంది. కానీ కొన్నేళ్లకి ఆ పెళ్ళే జరిగింది, పన్నెండేళ్లు వచ్చాక.

ఇదంతా ఝాన్ ఇంట్లో జరిగిన వ్యవహారం. నాకు ఆ జిలెత్ తల్లి మీద గౌరవం. డ్యూకుల మీద ఫిర్యాదుకి వెళ్లిన వర్తకుల ఇంటి ఇల్లాలు.

జూలై 5

1415 అక్టోబర్ 25న అజాంకూర్. యుద్ధభూమికి రాజుని పంపవద్దని ముసలి బెర్రీ డ్యూక్ గట్టిగా చెప్పాడు. 1356 పువాతియే యుద్ధంలో కుర్రాడిగా ఉన్నాడు తను, తండ్రి రాజు ఇంగ్లీషువాళ్లకి బందీ అవడం తెలుసు. మాట విన్నారు, రాజు మిగిలాడు, సైన్యం మిగల్లేదు. 1416 జూన్ 15న పారిస్‌లో నెల్ భవనంలో డ్యూక్ పోయాడు. కొడుకులు అతనికంటే ముందే పోయారు. బెర్రీ తిరిగి రాజకుటుంబానికి వెళ్లింది. ఆ ఏడే లింబూర్గ్ సోదరులు ముగ్గురూ చచ్చిపోయారు. ‘త్రే రిష్ ఏర్’ సగంలో ఆగింది.

ఝాన్‌కి 38. తండ్రి పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఓవెర్న్, బులోన్ ఇప్పుడు ఆమె పేరు మీదే. పైగా భర్త వైపు నుంచి బతికినన్నాళ్లు అనుభవించే వితంతు భాగం. సంరక్షకుడు లేడు. మామగారు, భర్త, చిన్నాన్నలు లేరు. దేశంలో బుర్గుండీ పక్షం, అర్మన్యాక్ పక్షం ఒకరి గొంతు ఒకరు కోసుకుంటున్నాయి, ఇంగ్లీషు సైన్యం నార్మండీ గుమ్మంలో ఉంది.

ఐదు నెలలకే నవంబర్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఎలినార్ ఎనిమిది వారాలు గుర్తొచ్చాయి.

జూలై 6

పెళ్ళికొడుకు జార్జ్ ద ల త్రెమూయ్. ఆమె కంటే చిన్నవాడు. ఫ్రాన్సు చరిత్ర చదివినవాళ్లకి ఈ పేరు వేరే చోట తెలుసు: ఏడవ షార్ల్ దగ్గర కుడిభుజంగా ఉంటూ జాన్ ఆఫ్ ఆర్క్‌కి అడుగడుగునా అడ్డుపడ్డాడని అందరూ తిట్టే మంత్రి. అప్పటికింకా అంత ఎత్తుకి రాలేదు. ఎక్కే మెట్లు వెతుక్కుంటున్నాడు. ఝాన్ ఆస్తి ఒక మెట్టు.

కాపురం నిలవలేదు. ఆమెని సరిగా చూడలేదు, ఆస్తి మీద చెయ్యి వేశాడు. ఆమె విడిపోయి బతికింది. 1424లో పోయింది, పిల్లలు లేకుండానే. మొదటిసారి పిల్లగా ఉన్నప్పుడు ఆమెకి ఖరీదు కట్టారు, లెక్క రాశారు, డబ్బు చెల్లించారు. రెండోసారి పెద్దదైన ఆడదానిగా ఆమె దగ్గర ఏ లెక్కా లేకుండా లాక్కున్నారు. మొదటిది తప్పు కాదని కాదు. కానీ రెంటిలో దొంగతనం రెండోదే.

జూలై 7

ల త్రెమూయ్ సంగతి అక్కడితో అయిపోలేదు. రాజు ఏడవ షార్ల్‌కి అప్పట్లో పియేర్ ద జియాక్ అనే ఇష్టుడు ఉండేవాడు. కడుపుతో ఉన్న మొదటి భార్యకి విషం పెట్టి, కేథరిన్ ద లిల్-బూషార్ అనే డబ్బున్న వితంతువుని చేసుకున్నాడన్న ఆరోపణ అతని మీద. 1427లో అర్ధరాత్రి పక్కమీది నుంచి లేపి పట్టుకుపోయి నీళ్లలో ముంచి చంపారు. ఆ పనిలో ల త్రెమూయ్ చెయ్యి ఉంది. కొన్ని నెలల్లో ఆ కేథరిన్‌ని తనే పెళ్ళాడాడు.

1433లో షినోన్ కోటలో అతని శత్రువులు రాత్రివేళ పక్కమీద పడి కడుపులో కత్తి దింపారు. పొట్ట మందంగా ఉండటం వల్ల కత్తి లోపలిదాకా పోలేదంటారు. బతికాడు గానీ కొలువు నుంచి వెళ్లగొట్టారు. ఝాన్ అప్పటికి లేదు. ఆ వార్త విని ఉంటే ఏమనుకునేదో ఊహించుకుని కొంచెం సంతోషించాను, చరిత్ర చదివేవాడికి అది తగని పని అయినా.

జూలై 10

బూర్జ్ కెథడ్రల్‌లో డ్యూక్, డచెస్ మోకరిల్లిన రాతి శిల్పాలు ఉన్నాయి. అంతకుముందు ఆ ఊళ్లోనే డ్యూక్ కట్టించిన చాపెల్‌లో ఉండేవి. 1520లలో చిత్రకారుడు హోల్బైన్ ఆ ఊరొచ్చి ఇద్దరినీ రంగుసుద్దలతో గీసుకున్నాడు. బొమ్మలు ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. రాయిని చూసి గీసిన సంగతి మరిచిపోతాం, పెదాలు ఇప్పుడే కదిలినట్టుంటాయి. ఫ్రెంచి విప్లవం రోజుల్లో శిల్పాల ముఖాలు పాడైతే, తర్వాత బాగుచేసినవాళ్లు హోల్బైన్ బొమ్మలు దగ్గర పెట్టుకుని చెక్కారు. కాబట్టి ఇవాళ బూర్జ్‌లో కనపడే ఆమె ముఖం రాయి నుంచి కాగితానికీ, కాగితం నుంచి రాయికీ వెళ్లి వచ్చింది.

జూలై 14

బావగారు ఫోన్ చేశారు. “మరి ఆస్తి ఏమైంది?” అన్నారు. ఆయనకి ఫైలు మూయడం కావాలి.

ఓవెర్న్ ఝాన్ దాయాది మరీకి వెళ్లింది. మరీ భర్తది ద ల తూర్ వంశం. వంద ఏళ్లు దిగి వస్తే ఆ వంశపు ఆడపడుచు మద్లెన్, ఫ్లోరెన్సు మెదిచీ ఇంటి కోడలు, 1519లో ఒక కూతుర్ని కని వెంటనే పోయింది. ఆ కూతురు కేథరిన్ ద మెదిచీ, ఫ్రాన్సు రాణి. ఓవెర్న్ ఆమె సొంత ఆస్తిలో కలిసి వచ్చింది.

బులోన్ కథ వేరు. ఝాన్ పోగానే బుర్గుండీ డ్యూక్ దాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. మరీ వారసులకి కాగితం మీదే మిగిలింది. బుర్గుండీ వంశం కూలాక 1477లో రాజు పదకొండో లూయీ ఆ ఊరిని పట్టుకున్నాడు, వారసుడికి దక్షిణాన వేరే భూమి ఇచ్చి హక్కు రాయించుకున్నాడు. మరుసటి ఏడు తనకి ఆ సంస్థానం వద్దని, బులోన్ ఊళ్లో మేరీమాత గుడికి దఖలు పరిచాడు. ఇకపై బులోన్ దొరసాని మేరీమాత. ఫ్రాన్సు రాజు ఆమె సామంతుడు. కప్పం కింద బంగారు గుండె ఒకటి సమర్పించాలి, తన తర్వాత వచ్చే రాజులు కూడా. మేరీమాత మీద దావా వేసే దమ్ము ఏ డ్యూక్‌కీ లేదు.

బావగారు ఒక నిమిషం ఆలోచించారు.

“దేవుడి పేరున రాస్తే కౌలు ఎవరు వసూలు చేసుకుంటారు?”

రాజే, అన్నాను.

“ఊఁ. మాన్యాల్లో కూడా అంతే,” అని, రేపు బ్యాంకు పని ఉందని ఫోన్ పెట్టేశారు.